అడ్డపొగ నుంచి అక్షరం దాకా – అలవాటు నేర్పే పాఠం

శ్రీకాకుళం జిల్లా చివరనున్న ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం తీరం వెంట సాగిపోతే, సముద్రపు ఒడ్డున తెలుగు మాట తెగిపోదు. ఒడియావారు నోలియాలని పిలిచే అక్కడి మత్స్యకారులు తరతరాలుగా ఆ తీరాన స్థిరపడిన తెలుగువారు. రాష్ట్రం పేరు మారినా, బడిలోని భాష మారినా, అటువంటి ఇళ్ళలో మారకుండా నిలిచినవి రెండున్నాయి. ఒకటి, తల్లి బిడ్డకు అందించిన తెలుగు మాట. రెండవది, అదే తల్లి కూతురికి తనకు తెలియకుండానే అందించిన చుట్ట.

ఈ రెండింటినీ ఒకే చోట చెప్పడం కొందరికి కష్టంగా తోచవచ్చు. మొదటిది మనకు సిరి, రెండవది ప్రాణాంతకం. కాని ఇవి రెండూ ఇంట్లోకి వచ్చిన దారి ఒక్కటే. ఏ తల్లీ కూతురిని కూర్చోబెట్టి చుట్ట కాల్చమని ఉపదేశించలేదు. ఏ తల్లీ వ్యాకరణం చెప్పి తెలుగు నేర్పలేదు. ప్రతిదినం ఒకే వేళకు, ఒకే చోట, కళ్ళెదుట జరిగిన పనిని పిల్లలు చూశారు, తామూ చేశారు, అది నిలిచిపోయింది. ఉపదేశానికి లేని బలం అలవాటుకు ఎక్కడినుంచి వస్తున్నదో తెలుసుకుంటే, చెడ్డదాన్ని వదిలించుకోవడానికీ, మంచిదాన్ని పాదుకొల్పడానికీ దారి దొరుకుతుంది.

అడ్డపొగ అంటే

ఉత్తరాంధ్ర తీర గ్రామాలలో, వాటిని ఆనుకొని ఉన్న ఒడిశా పల్లెలలో చుట్ట కాల్చే తీరు వేరుగా ఉంటుంది. నిప్పు ఉన్న కొసను నోటిలో ఉంచుకొని పెదవులు బిగించి పొగ పీలుస్తారు. దీనినే అడ్డపొగ అంటారు. పురుషులలోనూ ఉన్నా, ఇది ప్రధానంగా స్త్రీల అలవాటు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదని, చేతులు పనికి ఖాళీగా ఉంటాయని, ఒడిలోని బిడ్డమీద నిప్పురవ్వ పడదని, తడిసిన చుట్ట ఎక్కువసేపు వస్తుందని దీనికి కారణాలు చెబుతారు. ప్రతి కారణంలోనూ కొంత సత్యముంది. అలవాటు ఏదైనా మొదట ఒక అవసరాన్ని తీర్చడానికే వస్తుంది. అవసరం తీరి వెళ్ళిపోయిన తరువాత కూడా అది వెళ్ళదు. వేట మాని ఇంటి అరుగుమీద కూర్చున్న ముసలమ్మకు గాలి భయమూ లేదు, చేతులకు పనీ లేదు. అయినా నిప్పు నోటిలోనే ఉంటుంది.

దాని ఫలితం మన వైద్యులకు చాలాకాలంగా తెలుసు. విశాఖపట్నం ప్రాంతంలో అంగిటి క్యాన్సర్‌కూ అడ్డపొగకూ ఉన్న సంబంధాన్ని 1945లో వి.ఆర్. ఖనోల్కర్, సూర్యాబాయి తమ పత్రంలో వివరించారు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతవైద్య బృందం, డెన్మార్క్ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్ళను పరీక్షించి, ఆ వివరాలను 1971లో ప్రచురించింది. వారిలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. సాధారణంగా అరుదైన అంగిటి క్యాన్సర్ ఈ తీరంలో ఎందుకు ఎక్కువగా కనిపిస్తున్నదో ఆ పరిశీలన తేటతెల్లం చేసింది.

పొగాకు చెడ్డదని ఆ గ్రామాలవారికి తెలియకపోవడం వల్లనే ఇది సాగిందా? తెలిసిన తరువాత కూడా సాగింది. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అన్న సామెత ఇటువంటి సందర్భంలోనే మన నోటికి వస్తుంది. అయితే చుట్ట పుట్టుకతో వచ్చినది కాదు. నేర్చుకున్నదే పుట్టుకతో వచ్చినంత గట్టిగా ఎందుకు నిలుస్తున్నది?

మరచిపోయినా పోనిది

ఈ ప్రశ్నకు సమాధానం కొంతవరకు ఒక రోగి వల్ల తెలిసింది. అమెరికాకు చెందిన హెన్రీ మొలైసన్‌కు 1953లో, అతని 27వ ఏట, మూర్ఛవ్యాధిని తగ్గించడానికి మెదడుకు శస్త్రచికిత్స చేశారు. మూర్ఛలు తగ్గాయి గాని, ఆనాటినుంచి కొత్త సంగతి ఏదీ అతని జ్ఞాపకంలో నిలవలేదు. కొద్దిసేపటి క్రితం కలిసినవారిని కూడా మళ్ళీ పరిచయం చేసుకోవలసి వచ్చేది. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతనికి ఒక పని ఇచ్చారు. కాగితం మీది నక్షత్రపు బొమ్మను అద్దంలో మాత్రమే చూస్తూ, దాని గీతల నడుమ పెన్సిలుతో గీయాలి. అద్దంలో ఎడమ కుడి తారుమారవుతాయి గనుక ఎవరికైనా మొదట చేయి తడబడుతుంది. మూడు రోజుల సాధనతో అతని చేయి చక్కగా కుదిరింది. కాని ప్రతిరోజూ అతడు ఆ పని తానెన్నడూ చేయలేదనే చెప్పాడు. 1962లో వెలువడిన ఈ పరిశీలన ఒక పెద్ద సత్యాన్ని బయటపెట్టింది. మనకు గుర్తుండే సంగతులు మెదడులో ఒక చోట, చేతికి అలవడిన పనులు మరొక చోట నిలుస్తాయి. మొదటిది చెడినా రెండవది పనిచేస్తుంది.

ఇది మన ఇళ్ళలోనూ చూసేదే. మతిమరుపు ముదిరి సొంత బిడ్డల పేర్లు మరచిన పెద్దవారు తెల్లవారగానే వాకిట్లోకి వెళ్ళి చుక్కలు తప్పకుండా ముగ్గు పెట్టవచ్చు. వల అల్లే చేయి ముడిని మరచిపోదు. ‘అభ్యాసం కూసు విద్య’ అన్న మన పెద్దలు గమనించినదే ఇది.

అలవాటైన పని మెదడు లోపలి పొరలలో ఉన్న బేసల్ గాంగ్లియా అనే భాగాల ఆధీనంలోకి వెళుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఆన్ గ్రేబియెల్ బృందం ఎలుకలపై చేసిన పరిశోధన 1999లో వెలువడింది. కొత్త దారిలో నడిచేటప్పుడు ఎలుక మెదడులోని ఆ భాగం దారి పొడుగునా పనిచేసింది. దారి అలవాటైన తరువాత మొదట్లోనూ, చివరలోనూ మాత్రమే చురుకుగా ఉండి, నడుమ నెమ్మదించింది. పనినంతటినీ ఒక మూటగా కట్టి పెట్టుకున్నట్లన్నమాట. ముడి విప్పితే చాలు, మిగిలినదంతా దానంతట అదే జరిగిపోతుంది. అదే బృందం 2005లో మరొక సంగతి ప్రకటించింది. ఆహారం పెట్టడం మానివేస్తే ఎలుకల మెదడులో ఆ అలవాటు గుర్తు కనుమరుగైంది. మళ్ళీ ఆహారం పెట్టగానే ఆ గుర్తు వెంటనే తిరిగివచ్చింది. అంటే అది చెరిగిపోలేదు, అణిగి ఉంది.

పదేళ్ళు మానివేసిన మనిషి పెళ్ళిపందిట్లో ఒక్క చుట్ట ముట్టించి మరునాటికి పాతవాడైపోవడం వెనుక ఉన్న కారణమిదే. అతనికి శీలం లేక కాదు. పాత మూట లోపల అలాగే ఉంది, ముడి విప్పారు, అంతే. అందువలన ఇంట్లో ఎవరైనా మానివేసి మళ్ళీ మొదలుపెడితే నిందించడం వల్ల ప్రయోజనం లేదు.

వేళ, చోటు, తోడు

ముడి విప్పే చేయి ఎవరిది? దీనికి 2011లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందినవారు ప్రచురించిన ఒక పరిశీలన చక్కని సమాధానం చెబుతుంది. సినిమా చూడడానికి వచ్చినవారిలో కొందరికి అప్పుడే వేయించిన పాప్‌కార్న్, కొందరికి వారం క్రితం వేయించి మెత్తబడినది ఇచ్చారు. సినిమాహాలులో పాప్‌కార్న్ తినే అలవాటు బలంగా ఉన్నవారు, రుచి లేదని తెలిసి కూడా పాచిదాన్ని తాజాదానితో సమానంగా తిన్నారు. వారినే మాదిరి అలవాటుపరులను ఒక సమావేశపు గదిలో కూర్చోబెట్టి ఇచ్చినప్పుడు పాచిదాన్ని అంతగా తినలేదు. సినిమాహాలులోనే, అలవాటు లేని చేత్తో తినమన్నప్పుడు కూడా పాచిది తినడం తగ్గింది.

దీనిలో మనకు కావలసిన పాఠమంతా ఉంది. అలవాటును నడిపేది రుచి కాదు, కోరిక కూడా కాదు. చోటు నడిపిస్తుంది. వేళ నడిపిస్తుంది. పక్కనున్న మనిషి నడిపిస్తాడు. భోజనం కాగానే అరుగు, అరుగుమీద ఇరుగుపొరుగు, వారి చేతిలో పొగాకు కాడ. ఈ మూడూ కలిసినప్పుడు చుట్ట వద్దనుకోవడానికి మనస్సుకు సమయమే దొరకదు. మనస్సు వద్దనుకునేలోగా చేయి అందుకుంటుంది.

ఊరు మారినప్పుడు అలవాట్లు సడలడం కూడా ఇందువలననే. శ్రీకాకుళం తీరంనుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్ళే మత్స్యకారులు, గంజాంనుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళే కార్మికులు కొత్త చోట కొత్త దినచర్యలో పడతారు. ఆ మొదటి వారాలలో పాత అలవాటు పట్టు తప్పుతుంది. ఆ ఖాళీలో గుట్కా ప్రవేశించవచ్చు, మంచిదీ ప్రవేశించవచ్చు. ఇంటికి తిరిగివచ్చినప్పుడూ, కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడూ, కోడలు కాపురానికి వచ్చినప్పుడూ, బిడ్డ పుట్టినప్పుడూ ఇటువంటి ఖాళీలే ఏర్పడతాయి. మానదలచినవారు, మొదలుపెట్టదలచినవారు ముహూర్తం కోసం పంచాంగం చూడనక్కరలేదు. దినచర్య మారిన రోజే తగిన ముహూర్తం.

ఎన్నాళ్ళు పడుతుంది?

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందన్న మాట చాలా ప్రచారంలో ఉంది. మాక్స్‌వెల్ మాల్జ్ అనే అమెరికా శస్త్రవైద్యుడు 1960లో రాసిన పుస్తకంతో ఇది మొదలైంది. ముఖానికి శస్త్రచికిత్స జరిగినవారు తమ కొత్త రూపానికి అలవాటుపడడానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించారు. ‘కనీసం’ అన్న మాట జారిపోయి, 21 మాత్రం జనం నోట నిలిచింది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 84 రోజులపాటు పరిశీలించింది. ప్రతివారూ తమకు నచ్చిన ఒక చిన్న పనిని, ప్రతిదినం ఒకే సందర్భంలో చేయాలి. మధ్యాహ్న భోజనంతో ఒక పండు తినడం, ఫలహారం తరువాత గ్లాసెడు నీళ్ళు తాగడం వంటివి. ఆ పని తలచుకోకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి సుమారు 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి. కొందరికి 254 రోజులు పట్టవచ్చని లెక్క తేలింది. నీళ్ళు తాగడం వంటి తేలిక పని త్వరగా కుదిరింది, వ్యాయామం ఆలస్యమైంది. ఒక రోజు తప్పినంత మాత్రాన సాధించినది పోలేదని కూడా ఈ పరిశీలనలో తేలింది.

కనుక రెండు నెలలు ఓర్పు పట్టాలి. ఒక పూట తప్పిపోతే ‘ఇక మనవల్ల కాదు’ అని విడిచిపెట్టరాదు. ఒక రోజు తప్పడం పొరపాటు మాత్రమే. వరుసగా తప్పుతూ పోతే, తప్పడమే అలవాటవుతుంది.

శ్రీకాకుళం చూపిన దారి

జీవితమంతా వెంట ఉన్న అలవాటును పెద్ద వయస్సులో మార్చగలమా అన్న సందేహం ఉన్నవారికి మన తీరమే ఒక సమాధానం చెప్పింది. టాటా సంస్థ బృందం 1970ల చివర శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాలలో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారిని ఎంపిక చేసుకొని, ఏటేటా వారి ఇళ్ళకు వెళ్ళి నోరు పరీక్షించి, పొగాకు వల్ల కలిగే హానిని వివరించింది. అయిదేళ్ళ ఫలితాలను 1986లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అంతకుముందు అవే ప్రాంతాలలో కేవలం పరీక్షించి వదిలిన వారితో పోల్చితే, ఈ బోధన అందినవారిలో మానినవారు, తగ్గించినవారు ఎక్కువగా ఉన్నారు. నోటిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్లమచ్చలు కొత్తగా ఏర్పడడం కూడా తగ్గింది.

ఇక్కడ అతిశయోక్తి చెప్పకూడదు. చాలామంది మానలేదు కూడా. అయితే మానినవారు పట్టణాలలో చదువుకున్న యువకులు కారు. దశాబ్దాలుగా పొగాకుతో బ్రతికిన గ్రామీణులు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత పిల్లల పెంపకానికి వర్తించే హెచ్చరిక. దానిని పెద్దల విషయంలో తీర్పుగా వాడుకోవడం తగదు. ఆ ఇళ్ళకు మనుషులు ఒక్కసారి వచ్చి ఉపన్యాసమిచ్చి పోలేదు. ఏడాది తరువాత మళ్ళీ వచ్చారు, ఆ మరుసటి ఏడు కూడా వచ్చారు. తన నోటిని తనకే చూపే మనిషి మళ్ళీ వస్తాడని తెలియడం కూడా ఒక తోడే.

మానదలచినవారికి

పొగాకులో అలవాటుతో పాటు నికోటిన్ వ్యసనం కూడా ఉంది. మానిన తరువాత చిరాకు, నిద్రపట్టకపోవడం, తలనొప్పి మొదటి రెండు మూడు రోజులలో తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాలలో క్రమంగా తగ్గుతాయి. శరీరపు కోరిక ఈ విధంగా తొందరగానే సద్దుమణుగుతుంది. అరుగు, భోజనానంతర వేళ, పొరుగువారి పిలుపు మాత్రం నెలల తరబడి లాగుతాయి. కనుక మానే ప్రయత్నంలో వీటికే ఎక్కువ జాగ్రత్త అవసరం.

చుట్ట, అగ్గిపెట్టె ఇంట్లో అందుబాటులో ఉంచరాదు. కాల్చే చోటు, కూర్చునే వేళ కొంతకాలం మార్చాలి. భోజనం కాగానే లేచి నాలుగడుగులు వేయడమో, సోంపు, లవంగం వంటిదొకటి నోట వేసుకోవడమో ముందుగానే నిర్ణయించుకోవాలి. చుట్ట మాని ఖైనీ, గుట్కా పట్టుకోవడం, పొగాకు లేదు గదా అని వక్క నమలడం మాత్రం పనికిరాదు. వక్క ఒక్కటే కూడా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన నివేదికలో స్పష్టం చేసింది. ఒంటరిగా మానలేనివారు 2016లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన ఉచిత ఫోన్ 1800-11-2356కు మాట్లాడి సలహా పొందవచ్చు.

అడ్డపొగ అలవాటున్నవారు ఇంట్లో ఉంటే, వారి అంగిటిని పగటి వెలుతురులో ఒకసారి చూడండి. తెల్లని మచ్చ, ఎర్రని మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయక దంతవైద్యునికి చూపించాలి. తొలిదశలో గుర్తించి పొగాకు మానివేస్తే మచ్చలు చాలావరకు తగ్గుముఖం పట్టే అవకాశముంది.

మంచి అలవాటును నాటడం

చెడ్డ అలవాటును నిలబెట్టిన వేళ, చోటు, తోడు అనే మూడు గుంజలే మంచిదానికీ పందిరి కావాలి. ‘అలవాటు లేని ఔపాసన చేయబోతే మీసాలన్నీ కాలాయ’ని మన సామెత. ఒక్కసారిగా పెద్దపనికి పూనుకుంటే జరిగేదదే. అందువలన పని చిన్నదిగా ఉండాలి. అప్పటికే తప్పకుండా జరుగుతున్న మరొక పనికి దానిని ముడిపెట్టాలి.

రక్తపోటు మాత్రలు మరచిపోయే పెద్దలు ప్రతి ఇంటా ఉన్నారు. ‘ఇకనుంచి మరచిపోను’ అనుకోవడం వల్ల లాభం లేదు. ‘పొద్దుట కాఫీ గ్లాసు కింద పెట్టగానే మాత్ర వేసుకుంటాను’ అనుకొని, ఉదయం వేసుకోమని వైద్యుడు చెప్పిన ఆ మాత్రను పిల్లలకు అందనంత ఎత్తున, కాఫీపొడి డబ్బా పక్కనే ఉంచితే సగం పని అయినట్లే. ‘ఫలానా పని కాగానే ఫలానా పని చేస్తాను’ అని ముందుగా నిర్ణయించుకున్నవారు, వట్టి సంకల్పం చెప్పుకున్నవారికంటే ఎక్కువగా మాట నిలబెట్టుకుంటారని జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించారు. పిల్లలు అన్నానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలంటే ప్రతిపూటా కేకలు వేయడంకంటే, కంచాలు పెట్టే చోటికి వెళ్ళే దారిలో నీళ్ళ బిందె, సబ్బు ఉంచడం మేలు. దారే గుర్తుచేస్తుంది.

ఇంటి అక్షరం

సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఇంతకంటె పెద్ద ప్రశ్న మరొకటుంది. మాట నిలిచింది, అక్షరం జారిపోతున్నది. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం ఒకటవ తరగతినుంచి మొదలై క్రమంగా అన్ని బడులలో తప్పనిసరి అయింది. కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల తెలుగు పిల్లలు తమిళంలోనే ఓనమాలు దిద్దే పరిస్థితి విస్తరించింది. గంజాంలో ఒడియా, కోలారు, బళ్ళారి ప్రాంతాలలో కన్నడం, మహారాష్ట్ర సరిహద్దులో మరాఠీ బడి భాషలు. ఇవి మన పిల్లల బ్రతుకుతెరువుకు అవసరమైన భాషలు. వాటిని శ్రద్ధగా నేర్చుకోవలసిందే. తెలుగు బడుల కోసం అర్జీలు పెట్టడం, అడగడం మన హక్కు. అది సాగుతూ ఉండగా పిల్లవాడి వయస్సు ఆగదు. కనుక అక్షరానికి ఇల్లే మొదటి బడి కావాలి.

ఇంటి చదువు చాలాచోట్ల ఆరంభశూరత్వంగా ముగియడానికి కారణం, దానిని వేసవి సెలవులకు, ఆదివారాలకు వాయిదా వేయడమే. ఆదివారం వారానికొక్కసారి వస్తుంది, దానికీ సవాలక్ష ఆటంకాలు. భోజనం ప్రతి రాత్రీ వస్తుంది. రాత్రి భోజనం కాగానే అయిదు నిమిషాలు, అంతకు మించవద్దు. ఒక పలక, లేదా ఒక వాచకం, ఎప్పుడూ ఒకే గూటిలో. మొదటి వారం పిల్లవాడి పేరు, తల్లి పేరు, ఊరి పేరు. తరువాత రోజుకొక అక్షరం, దానితో ఇంట్లో కనిపించే వస్తువుల పేర్లు. కన్నడ లిపి తెలుగు లిపికి తోబుట్టువు గనుక కోలారు, బళ్ళారి పిల్లలకు సగం అక్షరాలు ముందే తెలిసినట్లు. వారు నెలలోనే కూడబలుక్కొని చదవగలరు. ఒడియా, తమిళం చదివే పిల్లలకు మరికొంత సమయం పడుతుంది. రెండు నెలల ఓర్పు అన్న లెక్క ఇక్కడ కూడా మనస్సులో ఉంచుకోవాలి. అక్షరాలన్నీ రావడానికి ఎంతకాలమైనా పట్టనివ్వండి, గూటిలోని పలకకోసం చేయి తానై వెళ్ళడం మాత్రం ముందుగా కుదరాలి.

ఇక తోడు ఎవరు? తల్లిదండ్రులకు తెలుగు చదవడం రాని ఇళ్ళు కూడా ఉన్నాయి. అటువంటి చోట పిల్లలతోపాటు తల్లి కూడా పలక పట్టుకోవచ్చు. తల్లి నేర్చుకోవడం చూసిన బిడ్డకు వేరే ఉపదేశం అవసరం లేదు. కూడబలుక్కొని చదవడం వచ్చిన రోజునుంచి ఆ అయిదు నిమిషాలూ బిడ్డ గట్టిగా చదవాలి, నాయనమ్మ వినాలి. చదివేవాడికి వినే మనిషి కావాలి. పెద్దవారికి పొద్దు పోవాలి. బిడ్డ తప్పు చదివితే మాట తెలిసిన నాయనమ్మ చెవి పట్టుకుంటుంది, ఆమెకు అక్షరం రాకపోయినా సరే.

ఈ ఏర్పాటులో మరొక లాభముంది. రాత్రి భోజనం కాగానే వచ్చే ఆ అయిదు నిమిషాలు, నాయనమ్మ చుట్ట ముట్టించే వేళ కూడా అదే. మనవరాలు పక్కన కూర్చొని చదువుతున్నంతసేపు చుట్టను ఆపగలిగితే, ఆ వేళకు ఆమె చేయి మరొకదాన్ని నేర్చుకుంటుంది. మొదట ఆ ఒక్క వేళకే ఆగవచ్చు. అది కుదిరిన తరువాత మరొక వేళ. తీరా రెండు నెలలు గడిచేసరికి, మనవరాలికి అక్షరం, నాయనమ్మకు ఒక పూట చుట్ట లేని నిద్ర. ఒకప్పుడు ఆ అరుగుమీదనే, ఆ వేళకే, ఆమె తన తల్లి చేతిలోని చుట్టను చూసి నేర్చుకుంది. ఇప్పుడు ఆమె మనవరాలు అక్కడ చూసి నేర్చుకునేది ఏమిటో నిర్ణయించడం మన చేతిలోనే ఉంది. ఈ రాత్రి కంచాలు తీసిన వెంటనే మొదలుపెట్టవచ్చు.